చలివేంద్రమున పాదోదకము

శివరాత్రితో చలి శివశివా యని సాగిపోవును. ఆ వెంటనే బేస్తవారిపేట, కంభము, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములలో తిరునాళ్ళ కాలము ప్రవేశించును. మార్కాపురమున చెన్నకేశవస్వామి బ్రహ్మోత్సవములు, ఊరూర గ్రామదేవతల కొలుపులు, ప్రభల ఊరేగింపులు, బండలాగుడు పందెములు, ఉగాదికి శ్రీశైల యాత్ర, వైశాఖ శుద్ధ తదియనాడు బసవ జయంతి. ఇవన్నియు ఎండలు ముదురు దినములలోనే ఒకదాని వెంట ఒకటిగా వచ్చుచుండును. బడులకు సెలవులును ఈ నడుమనే వచ్చును. అందుచేత పసిపిల్లలు లేని తిరునాళ్ళు ఈ సీమలో నుండవు. తండ్రి భుజముపై నొకరు, తల్లి చంకలో నొకరు, అవ్వ కొంగు పట్టుకొని మరియొకరు.

ఈ సీమ లింగాయత కుటుంబములకు తిరునాళ్ళనగానే చూపు శ్రీగిరివైపు మరలుట సహజము. 1970వ సంవత్సరమున ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడు వరకు ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలోనివే. నల్లమల వీరికి పెరటి గోడ వంటిది. బేస్తవారిపేటలో బస్సెక్కిన వారు మార్కాపురము మీదుగా దోర్నాల చేరి, అక్కడినుండి కనుమ దారిన కొండకు పోవుదురు. శ్రీశైలమున పండితారాధ్య జగద్గురు పీఠమున్నది. అక్కమహాదేవి తుదకు చేరుకొనినది ఆ కొండమీది కదళీవనమునే. ఉగాది దినములలో కర్ణాటకమునుండి వేలాది భక్తులు కంబులు మోసికొని, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారముల మీదుగా కాలినడకన వత్తురు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని, మల్లన్న తమ ఇంటి అల్లుడని వారి భావన. అత్తవారింటనున్న ఆడపడుచును చూచి వచ్చుటకు పిల్లలను వెంటబెట్టుకొని పోనివారెవరు?

అయినను ఒక ప్రశ్న మిగులును. బసవేశ్వరులు కాయమునే దేవాలయముగా భావింపుమనిరి. వీరశైవునకు ఇష్టలింగము గర్భవాసమునుండియే తోడు. తల్లి గర్భముననున్న శిశువునకే లింగధారణ జరుపు సంప్రదాయము మనది. బిడ్డ పుట్టిన కొలది దినములకే లింగమును మెడలో కట్టుదుము. ఇట్లు ఎదపై లింగమున్న బిడ్డను మండుటెండలో ఎక్కడికో మోసికొని పోయి, వేరొక దేవుని దూరమునుండి చూపవలసిన అవసరమేమి? ఈ ప్రశ్నను పెద్దలు సాధారణముగా అడుగరు. ఒక ఉగాది ముందునాడు దోర్నాలలో ఒక పిల్లవాడు అడిగినాడు.

ఆ కుటుంబము బేస్తవారిపేట మండలములోనిదే. అవ్వ, కొడుకు, కోడలు, నాలుగేండ్లు నిండిన మనుమడు, పాలు మరువని మనుమరాలు. తెల్లవారుజామున బయలుదేరవలయునని రాత్రి అనుకొనినారు. మూటలు కట్టుసరికి ఆలస్యమైనది. మార్కాపురమున బస్సు మారుసరికి ప్రొద్దెక్కినది. దోర్నాల చేరుసరికి సరిగా మిట్టమధ్యాహ్నము. కొండకు పోవు బస్సులన్నియు నిండిపోయి కదలుచున్నవి. రెండు గంటలు నిలువవలసి వచ్చెను.

అవ్వ ఎనిమిదేండ్ల వయస్సున దీక్ష పొందినది. లింగపూజ చేయక పచ్చి గంగయైన ముట్టదు. ఆనాడు పాతాళగంగలో స్నానము చేసి, అక్కడనే పూజ చేసికొనవలయునని మ్రొక్కుకొని యుండెను. మనుమడు పుట్టకమునుపు మ్రొక్కిన మ్రొక్కు. అందుచేత ఉదయమునుండి ఆమె గ్రుక్కెడు నీరు త్రాగలేదు. ఆమె నిష్ఠకు ఆ ఎండ ఒక లెక్క కాదు. ఆమె చేయి పట్టుకొనియున్న నాలుగేండ్ల వానికి మాత్రము అది లెక్కయే.

బస్సు స్టాండునకు ఎదురుగా తాటాకు పందిరిక్రింద ఒక చలివేంద్రము. ఇసుకలో కుదిర్చిన నాలుగు కుండలు, వానికి చుట్టిన తడిగుడ్డలు. పదియేండ్ల బాలిక యొకతె ముంతతో నీరు ముంచి గ్లాసులలో పోయుచున్నది. తండ్రి గ్లాసు తెచ్చి కొడుకునకు అందించెను. వాడు మొగము త్రిప్పుకొనెను.

"అవ్వ తాగలేదు. నేనూ తాగను."

తండ్రి బుజ్జగించెను, తరువాత గద్దించెను. తల్లి బెల్లముముక్క చూపెను. వాడు పెదవులు బిగించి అవ్వ చీరకుచ్చెళ్ళలో మొగము దాచుకొనెను. చుట్టునున్నవారు "ఎంత భక్తి!" అని మెచ్చుకొనిరి. ఇట్టి మెప్పుదలలే పలుమారు పిల్లల కొంప ముంచును. వాడు ఉదయమునుండి మూత్రమునకు పోలేదని తల్లికి అప్పుడు గుర్తునకు వచ్చెను. ఏడ్చుచున్నాడు గాని కంట నీరు లేదు. పెదవులు పొరలు గట్టియున్నవి. ఈ మూడును ప్రమాద సూచనలని ఆమె ఆరోగ్య కార్యకర్త నోట వినియుండెను. "అత్తా, వీడి ఒళ్ళు కాలిపోతాంది" అని మాత్రము అనగలిగెను.

అవ్వ పందిరిక్రిందికి నడచెను. అక్కడ ఆత్మకూరు దారిన వచ్చిన కన్నడ యాత్రికులు కొందరు కూర్చుండియుండిరి. వారిలో ఒక ముదుసలి ఆ కుండలోని నీరే దోసిట పట్టి, ఎడమ అరచేతిలో లింగమునుంచి, ఆ జనసందోహము నడుమ కనులు మూసికొని పూజించుచున్నది. అవ్వ ఆమెను కొంతసేపు చూచెను. ఇద్దరికి భాష కలియదు. మాటలేమియు జరుగలేదు.

తరువాత నీళ్ళు పోయు బాలికవైపు తిరిగి, "ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అని అడిగెను. పల్లెలలో ఈ ప్రశ్నకు అర్థమేమో అందరికిని తెలియును. ఇది పేరు అడుగుట కాదు. ఆ బాలిక "ఈ ఊరి పిల్లనే అవ్వా" అనుచు గ్లాసు నిండించి చేయి చాచెను. చేయి చాచియే నిలిచెను. అవ్వ రెండవ ప్రశ్న వేయలేదు.

ఆ నీటితో చేతులు కడిగికొనెను. సంచిలోనుండి విభూతి తీసి మూడు రేఖలు దిద్దుకొనెను. లింగకాయ విప్పి స్వామిని అరచేత నుంచుకొని మూడుమారులు నీరు పోసెను. పత్రి లేదు, పుష్పము లేదు. పంచాక్షరి పలుకుచు పాదోదకము తాను స్వీకరించి, మనుమని నోటికి అందించెను. వాడు త్రాగెను. అటు తరువాత గ్లాసు పట్టుకొని తానే త్రాగెను. మరియొకటి, ఆపైన ఇంకొకటి.

పావుగంటకు వాని ముఖమున కళ వచ్చెను. అప్పుడడిగినాడు: "అవ్వా, సామి నీ చేతిలోనే ఉండాడు గదా! మరి కొండకెందుకు పోయేది?"

అవ్వకు వెంటనే సమాధానము తోచలేదు. "బస్సొచ్చె, పద నాయనా" అనెను.

ఆమె చెప్పలేకపోయిన సమాధానము ఆమె చేతలో కొంత ఉన్నది. దానిని విప్పి చూచుట శరణ బంధువులకు అప్రస్తుతము కాదు.

అవ్వను ఆపినవి రెండు అడ్డంకులు. మొదటిది మ్రొక్కు. పాతాళగంగ స్నానము కానిదే పూజ లేదను నియమము ఆమె తనకు తాను విధించుకొనినది. అది గురువు ఉపదేశించినది కాదు. ఇష్టలింగ మహత్త్వమంతయు ఎక్కడనున్నది? అది స్థలమును, కాలమును, పూజారిని అపేక్షింపదు. గుడి తలుపులు మూయుదురు, చేయి మూయరు. పూజకానిదే నీరు ముట్టరాదన్న నియమమునకు మన ఆచారమే జవాబు సిద్ధము చేసి యుంచినది: నీరు కావలసిన చోటనే పూజ చేసికొనుము. మ్రొక్కును తీర్చుటకు బిడ్డను ఎండగట్టిన భక్తి, బిడ్డనిచ్చిన స్వామినే మరచినట్లగును. పుట్టువెండ్రుకలు ఉగాదికి తీయనిచో కార్తికమున తీయవచ్చును. చెవులు కుట్టుట ఆషాఢము దాటిన తరువాతనైనను జరుగును. మల్లికార్జునుడు వడ్డీవ్యాపారి కాడు, గడువు దాటినదని కాగితము చూపుటకు.

రెండవ అడ్డంకి ఆ ప్రశ్నలోనున్నది. ఇది మొదటిదానికంటె లోతైనది, నేటికిని మన యిండ్లలో జీవించియున్నది. పంచసూతకములు లింగధారికి లేవని మనము వేదికలపై చెప్పుదుము. జననము, మరణము, రజస్సు, ఎంగిలి, జాతి. ఈ అయిదింటిలో మొదటి నాలుగింటిని గూర్చి గట్టిగా వాదించువారు అయిదవదానికడ గొంతు తగ్గింతురు. భవి చేతి నీరు భక్తుడు త్రాగునా యను శంకను ముందునకు త్రోయుదురు. కాని అర్పితమైనది ప్రసాదమగునన్నదే మన సిద్ధాంతమునకు ఆయువుపట్టు గదా! అవ్వ అరచేత లింగముపై ఆ బాలిక ఇచ్చిన నీరు పడిన క్షణమున అది పాదోదకమైనది. అష్టావరణములలో పాదోదకమొకటి. దానికి ముందటి కులమేది? పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పురమున హరళయ్యగారి కుమారునకు, మధువరసుగారి కుమార్తెకు పెండ్లి జరిగినందులకు ఆ తండ్రులిద్దరును ప్రాణములర్పించిరి. చెప్పులు కుట్టు ఇంటికిని, బ్రాహ్మణ మంత్రి ఇంటికిని నడుమ వారు దాటిన దూరము, దోర్నాల పందిరిక్రింద అవ్వ దాటినదానికంటె ఎన్నియో మడుగులు పెద్దది. అయినను అవ్వ దాటినది కూడ చిన్నది కాదు. ఆమె వయస్సు డెబ్బది. ఆ దాటుటను నాలుగేండ్ల వాడు చూచినాడు.

పిల్లలు చెప్పినది వినరు, చేసినది చూతురు అన్నది ప్రతి ఇంటికిని తెలిసిన సంగతియే. తిరునాళ్ళలో ఇది పదిరెట్లు. ఇంటిలో ఎప్పుడును కంటబడని మనుష్యులు అక్కడ కనబడుదురు. కుంటివారు, జోలెపట్టిన జంగములు, బొమ్మలమ్మువారు, చెంచులు, పరభాషవారు. తల్లిదండ్రులు ఎవరికి చోటిచ్చిరి, ఎవరిని చూచి ప్రక్కకు జరిగిరి, అన్నదాన పంక్తిలో ఎవరి ప్రక్కన కూర్చుండనొల్లకపోయిరి అన్నది పిల్లవాడు లెక్క వేసికొనుచునే యుండును. మార్కాపురము పలకపై వ్రాసిన అక్షరము తడిగుడ్డతో తుడిచిన పోవును. ఇది పోదు.

కొండకెందుకు పోవలయునన్న ప్రశ్నకు సమాధానము ఇటనే ఉన్నట్లు తోచుచున్నది. లింగము చేతిలోనున్నది, నిజమే. గురువు మఠమునందు దొరకును. జంగమము మాత్రము ఇంటిలో కూర్చుండినచో దొరకదు. చరించునది జంగమము. దానిని కలిసికొనుటకు మనము కూడ చరింపవలసినదే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమును అంత విపులముగా ఎందుకు రచించెను? శివరాత్రికి శ్రీగిరికి పోవు జనమును, వారి పాటలను, ఆటలను, వేషములను ఆ మహాకవి కన్నులార చూచి వర్ణించెను. తిరునాళ్ళ సందడిని ఆయన భక్తికి విరోధముగా నెంచలేదు. కనుక పిల్లవాడు గిలకకో, బూరకో ఏడ్చినచో సిగ్గుపడనక్కరలేదు. చెన్నకేశవుని తిరునాళ్ళలో మన పిల్లలు రంగులరాట్నమెక్కినంతనే లింగనిష్ఠ చెడదు. అక్కడి మైకుల రొద మాత్రము కొంత తగ్గిన బాగుండును.

బసవపురాణమున గొడగూచి కథ మన యిండ్లలో అందరెరిగినదే. తండ్రి ఊరికి పోవుచు స్వామికి పాలు పోయుమని చిన్న కుమార్తెకు చెప్పెను. పాలు పోయుటయనగా స్వామి నిజముగా త్రాగుటయేనని ఆ పాప నమ్మెను. స్వామి త్రాగలేదు. ఆమె బతిమాలెను, బెదరించెను, తల పగులగొట్టుకొందునని మొరపెట్టెను. శివుడు త్రాగెను. తిరిగి వచ్చిన తండ్రి ఖాళీ గిన్నె చూచి నమ్మక, పాలు నీవే త్రాగితివని ఆమెను కొట్టబోయెను. ఆమె పరుగిడి లింగములో కలిసిపోయెను. ఈ కథను మనము భక్తి మహిమకై చెప్పుకొందుము. దానిలో తండ్రి భాగమును మాత్రము త్వరగా దాటవేయుదుము. పెద్దవాడు, నియమము తెలిసినవాడు, నిత్యము పాలు పోసినవాడు. స్వామి త్రాగునని అతడే నమ్మలేదు! దోర్నాలలో పిల్లవాడు "నీవు త్రాగినగాని త్రాగను" అని పట్టుబట్టినప్పుడు ఆ అవ్వ తండ్రివలె కోపగింపక, స్వామివలె త్రాగినది.

శ్రీశైలమున ఆ రాత్రి జరిగిన సంగతి కూడ చెప్పవలసియున్నది. ఉగాది ముందునాటి రాత్రి అక్కడ వీరాచార విన్యాసములు, అగ్నిగుండ ప్రవేశము జరుగును. శస్త్రములు బుగ్గలకు గ్రుచ్చుకొనువారు, నిప్పులపై నడచువారు, వీరావేశపు కేకలు. తండ్రికి కొడుకును భుజముపై నెక్కించుకొని ముందువరుసలో చూపవలయునని ముచ్చట. అవ్వయే వలదనినది. వీరాచారమును తక్కువచేయుట ఆమె ఉద్దేశము కాదు. ఆమె పుట్టినింటివారే ఒకప్పుడు ఖడ్గములు చదివినవారు. పిల్లవాడు శివునిగూర్చి మొట్టమొదట గుర్తుంచుకొనునది భయము కారాదని ఆమె తలంచినది. పదేండ్లు వచ్చిన పిమ్మట, అర్థము చెప్పి చూపవచ్చును. ఇందులో ఆమెతో ఏకీభవింపనివారు మన పాఠకులలో ఉందురు. వారును అర్ధరాత్రి ఆ త్రోపులాటలో తల్లి చేయి జారిన పిల్లల ఏడ్పు ఒకమారు వినియున్నచో తొందరపడి ఖండింపరు.

యాత్రకు పోవు కుటుంబములకు కొన్ని లౌకిక విషయములు. ఇవి ధర్మమునకు వెలుపలివి కావు. భృత్యాచారమనగా సేవ, సేవ ఇంటి పసివారితోనే మొదలగును. పిల్లల శరీరము పెద్దలదానికంటె త్వరగా వేడెక్కును. దాహమని చెప్పుట వారికి చేతకాదు. కావున అడుగకమునుపే, అరగంటకొకమారు, కొంచెము కొంచెముగా నీరు, పలుచని మజ్జిగ త్రాగించుచుండవలయును. ఆరునెలలు నిండని బిడ్డకు తల్లిపాలే చాలును, మరింత తరచుగా ఇచ్చిన చాలు. పదునొకండు గంటలనుండి నాలుగు గంటలవరకు నీడపట్టున నుండుట మేలు. వాంతులో విరేచనములో పట్టుకొనినచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చిన్నచెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు అంచుకు సమముగా కొలిచి, కలిపి త్రాగింపవలయును. అంగడిలో దొరకు ఓఆర్‌ఎస్ పొట్లము దగ్గరనున్నచో మరియు మంచిది. ఒళ్ళు కాలిపోవుచు, పిలిచిన పలుకక మగతగా నున్నచో మ్రొక్కులను, మందిరములను ప్రక్కనబెట్టి తడిగుడ్డతో తుడుచుచు ఆసుపత్రికి పరుగెత్తవలసినదే.

లోహపు లింగకాయ ఎండకు కాలి పసివాని ఎదపై చెమటకాయలు లేచును. ఆ దినములలో మెత్తని నూలుగుడ్డలో లింగమును చుట్టి కట్టుట మంచిది. పిల్లవాని చొక్కాజేబులో ఊరిపేరు, తండ్రి ఫోను నెంబరు వ్రాసిన చీటీ యుంచవలయును. "మా వాడు మమ్ము విడువడు" అనుకొనినవారి పిల్లలే మైకులో పిలువబడుచుందురు.

నీటినిగూర్చి ఇంకొక మాట. ఈ పశ్చిమ సీమలో చాలగ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. పిల్లల పండ్లపై గోధుమ మచ్చలు, పెద్దల వంగిన కీళ్ళు దానికి సాక్ష్యము. చలివేంద్రము పెట్టు పుణ్యాత్ములు నీరు చల్లగానున్నదా యని చూచినట్లే, త్రాగదగినదా యనికూడ చూడవలయును. కంభము చెరువు గట్టుపై నిలిచినవారికి ఈ ప్రాంతమున నీటికున్న విలువ వేరుగా చెప్పనక్కరలేదు. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ కట్టిన ఆ చెరువు వరదరాజమ్మ పేరుతో నేటికిని ముడిపడి యున్నది. ఆమె ఏ వ్రతములు చేసెనో ఎవరును చెప్పుకొనరు.

మరుసటి వైశాఖమున, బసవ జయంతినాడు, ఆ అవ్వ తన వాకిట వేపచెట్టుక్రింద రెండు కుండలు పెట్టించెను. శుద్ధిచేసిన నీటి క్యానులు కొడుకు మోటారుసైకిలుపై తెచ్చి కుండలు నింపెను. మనుమనికి అయిదేండ్లు నిండినవి. ముంత పట్టుకొని నీళ్ళు పోయు పని తనదేనని పట్టుబట్టెను. సగము గ్లాసులో, సగము తన కాళ్ళపై పోసికొనుచున్నను ఎవరును వారింపలేదు. దారిన పోవువారు, గొఱ్ఱెలు తోలుకొని వచ్చువారు, ఉపాధి పనినుండి తిరిగివచ్చు స్త్రీలు వరుసగా ఆగుచుండిరి. వాడు ఎవరిని ఏమియు అడుగలేదు. ఒక్క అవ్వను మాత్రము, నీళ్ళు పోయుట మొదలిడకమునుపు, "నీ పూజ అయిందా? నువ్వు తాగినావా?" అని అడిగినాడు. ఆమె తాగితినని చెప్పిన తరువాతనే ముంత కుండలో ముంచినాడు.